కృష్ణ ఒడ్డున పిల్లలతో నడక: సోమశిల, వైజాగ్ కాలనీ, మల్లెలతీర్థం, ఉమామహేశ్వరం – ఎవరికి ఏది?

శ్రీశైలం డ్యాం వెనకజలాల ఒడ్డున ఉన్న ఊరు సోమశిల. శ్రీశైలం నీటిమట్టం ఎంతుందో చూడకుండా అక్కడికి బండి కట్టొద్దు. డ్యాం 885 అడుగులకు నిండి ఉన్నప్పుడు నీళ్లు ఘాటు మెట్ల మీదికి, కంపచెట్ల మొదళ్ల దాకా వచ్చేస్తాయి. చూడ్డానికి సముద్రమే, నడవడానికి మాత్రం ఒడ్డు ఉండదు. మట్టం దిగే కొద్దీ ఒడ్డు పుడుతుంది. నేల వాలు ఇరవైకి ఒకటి ఉన్నచోట మట్టం ఒక్క అడుగు తగ్గితే నీటి అంచు ఇరవై అడుగులు వెనక్కి జరుగుతుంది. పదడుగులు తగ్గితే రెండు వందల అడుగుల కొత్త నేల. పిల్లలు పరుగెత్తేది ఆ నేల మీదే, మోకాలి దాకా దిగబడేదీ ఆ నేలలోనే. శ్రీశైలం, సాగర్ మట్టాలు పేపర్లలో తరచూ వస్తూనే ఉంటాయి. బయలుదేరే ముందు వారం పది రోజుల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇవాళ ఎంత ఉందన్న దానికంటే పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ముఖ్యం.

సముద్రం లేని జిల్లాల వాళ్లకు నీటి ఒడ్డున రాళ్లూ గుట్టలూ ఎక్కుతూ నడవాలంటే ఉన్నది కృష్ణే. కొల్లాపూర్ దగ్గర వెడల్పుగా పరుచుకుని, నల్లమలలోకి దిగి లోతైన లోయగా మారి, చందంపేట, నేరెడుగొమ్ము వైపు మళ్లీ విప్పారి సాగర్‌లో కలిసే ఈ నది వెంట కుటుంబాలు పోయే చోట్లు చాలానే ఉన్నాయి. ఫొటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, పిల్లల కాళ్లకు మాత్రం ఒకటి కాదు. ఎంపికలో అందరూ అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని కిలోమీటర్లు?’ అని. అది తప్పు ప్రశ్న. మధ్యలో ఒక పిల్ల ‘ఇక నడవను’ అని కూర్చుంటే ఎత్తుకుని వెనక్కి రావడం ఎంత కష్టం అన్నది అసలు ప్రశ్న. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే.

సోమశిల: చిన్నపిల్లలుంటే ముందు ఇదే

నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి మొదటి ఓటు సోమశిలకే. నేల చదును, ఎక్కడ అలసిపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగొచ్చు, బండి ఎప్పుడూ కనుచూపు మేరలోనే ఉంటుంది. హైదరాబాద్ నుంచి జడ్చర్ల, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సుమారు 180 కిలోమీటర్లు. కొల్లాపూర్ దాటాక పది కిలోమీటర్ల లోపే. టూరిజం వాళ్ల కాటేజీలున్నాయి కాబట్టి ముందురోజు రాత్రికే చేరుకుని పొద్దున ఆరున్నరకు ఒడ్డున ఉండొచ్చు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, హైదరాబాద్‌లో నాలుగింటికి లేపి నాలుగు గంటలు కారులో కుక్కి తెచ్చిన పిల్లను తొమ్మిదింటి ఎండలో నడిపిస్తే ఆ రోజు అక్కడికే అయిపోతుంది.

మామూలు ఏడాది అయితే జులై, ఆగస్టుల్లో జూరాల నుంచీ తుంగభద్ర నుంచీ వరద వచ్చి చేరుతుంది. అక్టోబర్ దాకా మట్టాన్ని నమ్మలేం. నవంబర్ సగం నుంచి ఫిబ్రవరి మొదటివారం దాకా సోమశిల కాలం. మార్చి దాటితే ఒడ్డు ఇంకా పెద్దదవుతుంది, కానీ నీడ ఒక్కటీ ఉండదు. మునిగిన నేల మీద చెట్టు ఎక్కడి నుంచి వస్తుంది? చెట్లన్నీ పాత నిండుమట్టం గీతకు పైనే ఆగిపోతాయి. పాత సోమశిల ఊరు డ్యాం నీళ్లలో మునిగిపోయింది. లలితా సోమేశ్వరుడి గుడిని విప్పి తెచ్చి పైన మళ్లీ కట్టారు. పిల్లలకు ఈ కథ గుడి దగ్గర చెప్పి తర్వాత ఒడ్డుకు తీసుకుపోతే, నీళ్ల కింద ఊరుందన్న ఊహతోనే ఒక కిలోమీటరు ఎక్కువ నడుస్తారు.

నడక పద్ధతి సులువు. 2016 పుష్కరాలప్పుడు వాడిన ఘాటు దగ్గర మొదలుపెట్టి, పొద్దున ఎండ ముఖాన పడని వైపు ఒడ్డు వెంట పొండి. ఐదేళ్ల పిల్లతో గంటకు రెండు కిలోమీటర్లే లెక్క వేసుకోండి, అందులో గులకరాళ్లు ఏరడం, నత్తగుల్లలు జేబులో వేసుకోవడం కూడా కలిసే ఉంటుంది. నలభై నిమిషాలు పోగానే వెనక్కి తిరగండి. పోయేటప్పుడు నలభై నిమిషాలు పట్టిన దూరం వచ్చేటప్పుడు గంట పడుతుంది.

ఇక ఒండ్రు సంగతి. ఇక్కడ ఇబ్బందులు ఎక్కువగా దీనివల్లే. నీళ్లు వెనక్కి పోయాక నాలుగైదు రోజులకు పైపొర ఎండి పర్రెలు విచ్చి గట్టినేలలా కనిపిస్తుంది. కింద జానెడు లోతున ఇంకా పచ్చి బురదే. పెద్దవాళ్లు పైపెచ్చు మీద రెండడుగులు వేయగలిగితే ‘ఏం కాదు’ అనుకుని ముందుకు పోతారు, మూడో అడుగుకు దిగబడతారు. పర్రెల వెడల్పు చూడండి. వేలు దూరేంత పర్రె ఉండి, అంచులు పైకి లేచి పెంకుల్లా విడిపోతుంటే ఆరినట్టు. వెంట్రుకవాసి గీతలే ఉండి రంగు ముదురుగా ఉంటే పచ్చిది. అనుమానమొస్తే చేతికర్రతో గట్టిగా పొడవండి. కర్ర బెత్తెడు కంటే ఎక్కువ దిగితే అటు వద్దు. మేకల గిట్టల గుర్తులున్న తొవ్వను నమ్మొచ్చు, పశువుల అడుగులు లోతుగా పడి నీళ్లూరిన చోటును నమ్మొద్దు.

ఎవరైనా దిగబడితే కాలు పైకి గుంజడం మొదటి తప్పు, ఇంకొకరు పరుగెత్తి పోయి చెయ్యి పట్టుకోవడం రెండో తప్పు. దిగబడ్డ మనిషి వెనక్కి కూర్చోవాలి. బరువు పిరుదుల మీదికీ చేతుల మీదికీ పంచుకోవాలి. మడమను అటూ ఇటూ మెల్లగా ఊపితే కాలి చుట్టూ నీళ్లు చేరి బురద వదులవుతుంది. చెప్పు అక్కడే పోనీయండి. ఒడ్డున ఉన్నవాళ్లు గట్టినేల మీదే నిలబడి కర్రో తువ్వాలో అందించాలి.

చెప్పులు పోతాయని ఉత్తకాళ్లతో నడిపిద్దామనుకుంటే అదీ కుదరదు. సర్కారు తుమ్మ ముల్లు పలచని చెప్పు అడుగును చీల్చుకుని పైకి వస్తుంది, పగిలిన ఆల్చిప్పలు కోస్తాయి, తెగిపోయిన వల ముక్కలు కాళ్లకు చుట్టుకుంటాయి. వెనక పట్టీ ఉన్న, మందపాటి అడుగున్న సాండల్సే సరి. బూట్లలోకి తడి ఒండ్రు పోతే ఆ జత మళ్లీ రెండు రోజులకు గానీ ఆరదు.

నీళ్లలోకి దిగడం గురించి ఒకే మాట: మోకాలి లోతు దాటొద్దు, ఆ లోతుకైనా పెద్దవాళ్లు చెయ్యి పట్టుకునే ఉండాలి. బయట కనిపించే వాలే లోపల కూడా ఉంటుందనుకోవడం పొరపాటు. పాత గట్లు, బావులు, నది అసలు పాయ అన్నీ నీటి కిందే ఉన్నాయి. నడుము లోతు నుంచి నిలువు లోతుకు ఒక్క అడుగే తేడా. కృష్ణలో మొసళ్లు కూడా ఉన్నాయి. బండరాళ్ల మీద ఎండకు పడుకున్నదాన్ని చూసి ఫొటో కోసం దగ్గరికి పోయే పెద్దమనుషులకు చెప్పేదేమీ లేదు, పిల్లల్ని మాత్రం ఆపండి.

పడవ ఎక్కాలనుకుంటే టూరిజం వాళ్ల బోటా, నాటు పడవా అన్నది తేల్చుకోండి. 2007లో ఈ నీళ్లలోనే నాటు పడవ మునిగి పదుల మంది చనిపోయారు. లైఫ్‌జాకెట్ ఇచ్చారు కదా అని సంతృప్తి పడొద్దు, పిల్లలకు పిల్లల సైజుదే కావాలి. తొడిగించి బకిల్స్ పెట్టాక, భుజాల దగ్గర రెండు పట్టీలూ పట్టుకుని పైకి లాగండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే నీళ్లలో అది తల మీది నుంచి జారిపోతుంది. అలాంటప్పుడు కాళ్ల మధ్య నుంచి తువ్వాలతో కట్టే ఏర్పాట్లేమీ వద్దు, పడవే మానుకోండి.

అవతలి ఒడ్డున సంగమేశ్వరం ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం నీటిలోనే ఉండి, ఎండాకాలం వచ్చేసరికి బయటపడే గుడి. దానికోసమే పోతామంటే అది ఎండల కాలం యాత్ర అవుతుంది, పిల్లల నడక కాదు. రెండిటినీ కలిపే ప్రయత్నం చేసిన కుటుంబాలకు రెండూ సరిగా దక్కవు.

వైజాగ్ కాలనీ: నల్లగొండ వాళ్లకు దగ్గర, పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే

పేరు విని నవ్వొస్తుంది. వైజాగ్ వైపు నుంచి వచ్చి సాగర్ వెనకజలాల్లో చేపలు పట్టుకుంటూ స్థిరపడ్డ కుటుంబాల వల్ల ఆ పేరొచ్చింది. దేవరకొండ దాటి నేరెడుగొమ్ము మండలంలో, గుట్టల మధ్యకు దూసుకొచ్చిన నీళ్ల పక్కన ఉంటుంది. నల్లగొండ నుంచి పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

సోమశిలకూ దీనికీ తేడా నేలలో ఉంది. అక్కడ ఒండ్రు, ఇక్కడ రాయి. గుట్టవాలు తిన్నగా నీళ్లలోకి దిగుతుంది. దిగబడే భయం తక్కువ, జారే భయం ఎక్కువ. నిన్నటి దాకా నీళ్లలో ఉండి ఇవాళ బయటపడ్డ రాయి మీద పాకురు ఎండి పొడిగా కనిపిస్తుంది, తడి కాలు పెట్టగానే మళ్లీ జిగట అవుతుంది. రాళ్ల మీద నీటి గీతలు చూడండి. తెల్లగా చారలు చారలుగా ఉన్న భాగం ఎప్పుడో ఆరింది, నల్లగా లేక పచ్చగా ఉన్న పట్టీ ఇటీవలిది. పిల్లలు తెల్ల చారల మీదే నడవాలి. ఎనిమిదేళ్లు దాటి, చేతులతో పట్టుకుని రాయి ఎక్కడం వచ్చిన పిల్లలకు ఇది సోమశిల కంటే బాగుంటుంది. నాలుగేళ్ల పిల్లకైతే రోజంతా చెయ్యి పట్టుకునే ఉండాలి, అది ఎవరికీ సుఖం కాదు.

సాగర్ నిండుమట్టం 590 అడుగులు. వాలు నిటారుగా ఉండడం వల్ల మట్టం మారినా ఇక్కడ ఒడ్డు పెద్దగా మారదు. అందుకే శ్రీశైలం నిండి సోమశిలలో ఒడ్డు లేని అక్టోబర్‌లో కూడా ఇటు రావొచ్చు. చేపల వేపుడు తినకుండా ఎవరూ వెనక్కి రారు. పోగానే ఎన్ని ప్లేట్లో చెప్పి నడకకు పొండి, వచ్చాక చెబితే గంటన్నర ఆకలితో కూర్చోవాలి. శుభ్రమైన మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది దొరుకుతాయన్న నమ్మకంతో మాత్రం పోవద్దు. దేవరకొండలోనే ఆ పనులు చూసుకోండి. ఆదివారాలు మందు సీసాల గుంపులు వచ్చే చోటు కూడా. ఆడపిల్లలతో, పెద్దవాళ్లతో పోయేవాళ్లకు శనివారం పొద్దునే మేలు. పగిలిన గాజు ముక్కలు ఉంటాయన్నది గుర్తుంచుకుని, బండ్లు ఆగే చోటు దాటేదాకా పిల్లల్ని పరుగెత్తనివ్వకండి.

మల్లెలతీర్థం: దిగడం గొప్ప కాదు

ఇక్కడి నుంచి పులుల అడవి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,600 చదరపు కిలోమీటర్లు పైనే. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్ చెక్‌పోస్టు దాటాక వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరిగి సుమారు ఎనిమిది కిలోమీటర్లు పోతే మల్లెలతీర్థం. బండి ఆపిన చోటు నుంచి లోయలోకి సుమారు 350 మెట్లు. ఒక్కో మెట్టు ఆరేడు అంగుళాలు వేసుకున్నా ఇది 190 అడుగుల ఎత్తు, అంటే పంతొమ్మిది అంతస్తుల మేడ. లిఫ్టు పాడైన పంతొమ్మిది అంతస్తులు మీ అమ్మగారు ఎక్కగలరా? ఈ ప్రశ్న ఇంట్లోనే వేసుకోండి. కింద జలపాతం దగ్గర వేసుకుంటే లాభం లేదు.

దిగడానికి పావుగంట ఇరవై నిమిషాలు. పిల్లలతో ఎక్కడానికి నలభై నిమిషాలు. అలసట సంగతి అటుంచితే, దిగేటప్పుడే ఎక్కువమంది పడతారు. తడికాళ్లతో పైకి వచ్చినవాళ్ల నీళ్లు మెట్ల మీద కారి ఉంటాయి, చెట్లనీడలో అవి ఆరవు, ఆకులు పడి కప్పేస్తాయి. పిల్లను పెద్దమనిషి పక్కన కాకుండా ఒక మెట్టు పైన నడిపించాలి. అప్పుడు పడినా పెద్దవాళ్ల వీపు మీద పడుతుంది. ఎత్తుకోవాల్సిన పిల్ల పన్నెండు కిలోలు దాటిందంటే చంకనేసుకుని ఈ మెట్లు ఎక్కలేరు. చీరతోనో దుప్పటితోనో వీపుకు కట్టుకోవడం ఇంట్లో మేడ మెట్ల మీద ఒకసారి అలవాటు చేసుకోండి.

కాలం అక్టోబర్, నవంబర్. వానల్లో రోడ్డూ మెట్లూ రెండూ చెడ్డవి, ఫిబ్రవరికి ధార సన్నబడుతుంది. గుండంలో పైనుంచి నీటితో పాటు గులకరాళ్లు కూడా పడతాయి కాబట్టి ధార కింద తల పెట్టడం, నడుము లోతు దాటి పోవడం రెండూ వద్దు. లోయలో పొద్దు తొందరగా గుంకుతుంది. డిసెంబర్‌లో బయట ఐదున్నర దాకా వెలుతురున్నా కింద నాలుగున్నరకే మసక. మూడింటికల్లా ఎక్కడం మొదలుపెట్టాలి.

ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలున్నవాళ్లకు ఇది అన్నిటికంటే ఎక్కువ నచ్చుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట వస్తే ఇద్దరు పైన ఉండి, మిగతావాళ్లు దిగడం కుదురుతుంది గానీ, పైన కూర్చోవడానికి కోతులు తప్ప తోడుండవు.

ఉమామహేశ్వరం: ముసలివాళ్లు, వానాకాలం, చంటిపిల్లలు

అచ్చంపేట దగ్గర రంగాపూర్ పైన ఉన్న ఈ క్షేత్రాన్ని శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. మిగతా మూడు త్రిపురాంతకం, సిద్ధవటం, అలంపురం. కృష్ణ ఇక్కడికి కనిపించదు. అయినా ఈ వరసలో చేర్చడానికి కారణం నడకే. బండి కొండ మీదికి పోతుంది. అక్కడి నుంచి నిలువు కొండచరియ కడుపులో తొలిచినట్టున్న బాట మీద గుడి దాకా అర కిలోమీటరు లోపు, దాదాపు చదును. ఒక పక్క రాయి మీదికి వంగి నీడ పడుతుంది, ఇంకో పక్క లోయ. వానలు పడిన వారాల్లో రాతి పగుళ్ల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా బాట మీద పడుతుంటాయి. పాపనాశనం దగ్గర ఊట. ఎండ కూడా తక్కువే. సోమశిలలో ఒడ్డు మునిగి, మల్లెలతీర్థం మెట్లు జారే ఆగస్టు, సెప్టెంబర్లలో కుటుంబంతో ధైర్యంగా పోదగ్గది ఇదొక్కటే.

రెండు జాగ్రత్తలు. కోతులు కవర్ చప్పుడు వినగానే వస్తాయి. కొబ్బరి చిప్ప, అరటిపండు చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, సంచి జిప్పు వేసి పొట్ట మీదికి తిప్పుకోండి. రెండోది పెద్ద తేనెపట్లు. కొండచరియలకు నల్లగా తలగడల్లా వేలాడుతుంటాయి. ఘాటైన సెంటు, పొగ, రాళ్లు విసరడం, ఈ మూడింటిలో ఏదైనా చాలు వాటిని లేపడానికి. లేచాయంటే చేతులు ఊపకుండా పిల్లల ముఖం మీద తువ్వాల కప్పి వచ్చిన దారినే బండి దాకా పోవాలి.

అక్కమహాదేవి గుహలు, సలేశ్వరం

పన్నెండో శతాబ్దపు కన్నడ శివభక్తురాలు అక్కమహాదేవి పేరున్న గుహలకు శ్రీశైలం పాతాళగంగ నుంచి బోటు మీద పోవాలి. ఒక్కవైపే గంటకు పైగా నదిలో. దిగాక కొద్దిపాటి ఎక్కుడు, రాతి కమాను, తర్వాత ఒక మనిషి పక్కకు తిరిగి పోవాల్సిన ఇరుకు చీకటి సందు. నడక తక్కువే. చిక్కు బోటులో ఉంది. తగినంత మంది లేకపోతే, గాలి ఎక్కువైతే, మట్టం పడిపోతే బోటు కదలదు. నీళ్లు తగ్గే కొద్దీ దిగే చోటు కిందికి జారి, ఎక్కాల్సిన ఎత్తు పెరుగుతుంది కూడా. చీకటంటే ఏడ్చే పిల్ల ఉంటే కమాను దగ్గరే ఆగిపొండి, అసలు అందం అక్కడే ఉంది. తలకు కట్టుకునే టార్చి మనిషికొకటి. సెల్‌ఫోన్ లైటుతో ఒక చెయ్యి పోతుంది, ఆ సందులో రెండు చేతులూ కావాలి. శ్రీశైలం దర్శనానికి ఎలాగూ పోతున్నవాళ్లు ఒక పూట కలుపుకోవచ్చు. దీనికోసమే పిల్లల్ని వేసుకుని పోవడం దండగ.

సలేశ్వరం వద్దు. చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే జనం పోతారు. ఫరహాబాద్ నుంచి అడవిలో బండి మీద పోయి, చెంచుపెంట దాటాక కొన్ని కిలోమీటర్లు కాలినడక, చివర లోయలోకి ఒకరినొకరు ఒరుసుకుంటూ దిగే సన్నని బాట. ‘వత్తున్నం లింగమయ్యో’ అని ఎదురెదురుగా కేకలు వేసుకుంటూ పోయే ఆ జాతర చూడదగ్గదే. ఏప్రిల్ ఎండ, తొక్కిడి, నీళ్ల కొరత మాత్రం పదేళ్ల పిల్లలకు కూడా తట్టుకునేవి కావు. పదహారేళ్లు వచ్చాక పోనివ్వండి.

మీ ఇంటికి ఏది?

ఇంట్లో ఆరేళ్ల లోపు పిల్లలే ఉంటే, నెల నవంబర్–జనవరి అయితే, సోమశిల. అదే పిల్లలు, వానాకాలం అయితే ఉమామహేశ్వరం. తాతా నానమ్మలు కూడా వస్తున్నారంటే, ఎండాకాలం తప్ప ఏ నెలైనా ఉమామహేశ్వరమే. పిల్లలు ఎనిమిది దాటి, పెద్దవాళ్ల మోకాళ్లు బాగుంటే అక్టోబర్–నవంబర్‌లో మల్లెలతీర్థం. రాత్రి బస కుదరదు, నల్లగొండ, మిర్యాలగూడ వైపు నుంచి ఒక్కరోజులో రావాలంటే వైజాగ్ కాలనీ. మార్చి సగం నుంచి జూన్ వరకు ఈ నాలుగూ వద్దు. ఎండ ఒక్కటే కాదు, ఇప్పపూలు రాలే కాలంలో ఎలుగుబంట్లు పొద్దుపొద్దున్నే చెట్ల కిందికి వస్తాయి.

రెండు కుటుంబాలు కలిసి పోతుంటే అందరికంటే చిన్నపిల్ల వయసును బట్టి చోటు ఎంచుకోండి, పెద్దపిల్లల ఉత్సాహాన్ని బట్టి కాదు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడినవాళ్లే మెట్ల సగంలో కూర్చుని ఉంటారు.

సంచిలో

చలికాలంలో నాలుగు గంటలు బయట ఉండాలంటే పెద్దవాళ్లకు గంటకు అర లీటరు, పిల్లలకు మూడో వంతు లీటరు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకు ఏడు లీటర్ల లోపు. అంటే ఏడు కిలోల బరువు, ఒక్కరి సంచిలో పెట్టకండి. అడవిలో ప్లాస్టిక్ సీసాలు నిషేధం కాబట్టి స్టీలువే తీసుకుపొండి. ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్లు రెండు, ఒక్కోటి లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున వేస్తే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. తినడానికి పులిహోర, పల్లిపట్టీలు, మక్కపేలాలు. ఉడికించిన గుడ్లు మధ్యాహ్నానికి వాసన పట్టి కోతుల్ని పిలుస్తాయి. చేతికర్ర, రెండు తువ్వాలలు, ముల్లు తీసే చిమటా, టార్చి, ఒక జత పొడి బట్టలు బండిలో.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏదీ చేయొద్దు. కరిచిన కాలు కదలకుండా, పిల్లను నడిపించకుండా ఎత్తుకుని బండికి తెచ్చి నేరుగా దవాఖానకు. మన్ననూర్ నుంచి శ్రీశైలం దాకా చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. 108కి ఫోన్ కలిసే చోటు కోసం నిలబడి చూడకుండా సొంత బండిలోనే అచ్చంపేట వైపు కదలాలి. అందుకే పెట్రోలు అచ్చంపేటలోనే నింపుకోవాలి.

బాట వదిలి అడవిలోకి పోవడం ప్రమాదమే కాదు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా. లోపలికి పోయే ముందు గేటు దగ్గర ఏ దారి తెరిచి ఉందో, ఎన్నింటికి వెనక్కి రావాలో అడగండి. అక్కడ కాపలా ఉండే చెంచు యువకులు చెప్పే మాట ఏ మ్యాపు కంటే నికరం. ఆ పొద్దున ఎలుగు ఏ మలుపులో కనిపించిందో వాళ్లకే తెలుస్తుంది.

మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదింటికి మూస్తారు, తిరిగి తెరిచేది పొద్దున ఆరింటికి. శ్రీశైలం వైపు నుంచి వచ్చేవాళ్లు దోమలపెంట గేటును తొమ్మిదిలోపు దాటాలి. పొద్దున పోయేటప్పుడు ఆలస్యమై పది దాటిందంటే మల్లెలతీర్థం మానేసి, దారిలోనే డిండి కట్ట మీద గంటసేపు నడిపించి, సద్ది తినిపించి ఇంటికి తిరగండి. కట్ట మీద కూడా గాలి బాగానే వస్తుంది.